గంగరాజు ఇంటికొచ్చిన పదకొండు కార్డులు

మా వీధిలోకి పోలీసు వస్తే సైకిలు దిగి, పక్కకి తప్పుకుని, ఆయన మలుపు తిరిగేదాకా అలాగే నిలబడిపోయే మనిషి ఒకడుండేవాడు. పేరు గంగరాజు. ధవళేశ్వరంలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. నేను వీధరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముకునేదాన్ని. ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో నా పొయ్యి దగ్గరకి రాకుండా ఉండేది కాదు. ఇక గంగరాజు సంగతంటారా, గోడ అవతల అతను తుమ్మితే ఇవతల నేను "చిరంజీవ" అనేదాన్ని.

అతనికి భయం లేనిదంటూ లేదు. ఉరిమితే భయం. వీధికుక్క ఊరికే చూసినా భయం. ఆఫీసరు జీపు వెనక్కి వస్తుంటే భయం. పెళ్ళాం నాగదుర్గ అంటే మాత్రం భయం కాదు, గౌరవం అనేవాడు.

"గౌరవమైతే సెప్పిన మాట వినాలి కదండీ పిన్నిగారూ, మీరే సెప్పండి," అనేది ఆ పిల్ల.

నవ్వేదాన్ని గానీ, ఆ భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. వాళ్ళ నాన్న కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. ఒకసారి లాకు తలుపు తిప్పే ఇత్తడి మర ఒకటి కనబడకుండా పోయింది. ఆయన్ని తీసుకెళ్ళి మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళ గంగరాజు రెండు పూటలా క్యారేజీ పట్టుకెళ్ళేవాడు. వేసవిలో కాలవ కట్టేశాక ఆ మర లాకు అడుగున బురదలోనే దొరికింది. అందరూ "పాపం, అనవసరంగా అనుమానించారు" అన్నారు. కానీ ఆయన ఆ తర్వాత బతికినన్నాళ్ళూ గట్టిగా మాట్లాడలేదు. గంగరాజు మళ్ళీ స్టేషను ఉన్న రోడ్డెక్కలేదు. బజారుకెళ్ళాలన్నా గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

పెద్దయ్యాక ఇరిగేషన్ వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ హెల్పరుగా చేరాడు. పద్నాలుగేళ్ళుగా ఎన్.ఎమ్.ఆర్. అంటే మస్టర్లో పేరుంటుంది గానీ ఉద్యోగమని చెప్పుకోవడానికి ఉండదు. రేపట్నించి రావద్దంటే ఎందుకని అడిగే హక్కు లేదు. వాళ్ళింట్లో "పర్మనెంటు" అన్న మాట మొక్కులో కూడా ఉండేది, తిట్టులో కూడా ఉండేది.

ఇంత పిరికి మనిషికి రేడియో పిచ్చి ఎలా పట్టిందో మరి. రాజమండ్రిలో నాగేశ్వరప్రసాద్ గారని, టెలిఫోన్స్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఇంట్లో సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, సర్కారు ఇచ్చిన లైసెన్సుతో దేశదేశాల వాళ్ళతో మాట్లాడేవారు. హామ్ రేడియో అంటారు దాన్ని. ఒకరోజు ఆయన ఫ్యాను బాగుచెయ్యడానికెళ్ళిన గంగరాజు ఆ సెట్టు ముందు కూర్చుని లేవలేదు. రెండేళ్ళు ఆయన చుట్టూ తిరిగి, టక్కు టిక్కుమంటూ మీట కొట్టే భాష నేర్చుకుని, హైదరాబాదు వెళ్ళి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. దానికి పటం కట్టించి దేవుళ్ళ వరసలో, సత్యనారాయణస్వామి పక్కన పెట్టాడు. లైసెన్సుతో పాటు అతనికొక పిలుపు ఇచ్చారు, అంకెలూ అక్షరాలూ కలిపి. గాలిలో అదే అతని పేరు.

ప్రసాద్ గారు ఒక్కటే గట్టిగా చెప్పారట. "ఒరేయ్ గంగరాజూ, మీట నొక్కావంటే పుస్తకంలో రాయాలి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ బ్యాండు మీద, ఎవరితో. పరీక్షకి బల్బు వెలిగించినా రాయాలి. పేజీలకి నంబర్లెయ్యి. చింపకూడదు."

"ఆయ్," అన్నాడు గంగరాజు. ఇక అతను రాయకుండా ఉంటాడా? చింపితే ఏమవుతుందోనని భయం!

ఈ లైసెన్సులో ఒక మెలిక ఉంది. ఫలానా ఫలానా బ్యాండ్ల మీదే మాట్లాడాలని అందులో రాసి ఉంటుంది. గంగరాజు మనసు పడింది వాటి మీద కాదు. పాత టీవీల్లో రెండో చానెలు ఉండే చోటుకి పక్కనే యాభై మెగాహెర్ట్జ్ అని ఒక బ్యాండుందట. అక్కడ ఏడాదిలో చాలా రోజులు ఏమీ వినబడదు, ఒట్టి హోరు. ఎప్పుడైనా ఒక పూట ఆకాశం అనుకూలిస్తే వేల మైళ్ళ అవతలి వాళ్ళు పక్క గదిలో ఉన్నట్టు వినబడతారట. మన దగ్గర దాని జోలికి పోయేవాళ్ళు లేరు. గంగరాజు లైసెన్సులో ఆ బ్యాండు లేదు. వినొచ్చు, మీట నొక్కకూడదు.

అప్పటికి మా వీధిలో కేబుల్ వచ్చేసింది. డాబాల మీద పాత దూరదర్శన్ యాంటెన్నాలు కాకులు వాలడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉండేవి. గంగరాజు ఇంటింటికీ వెళ్ళి "అది మీకు అక్కర్లేకపోతే ఇస్తారాండి" అని అడిగి తెచ్చుకున్నాడు. ఆ గొట్టాలు కోసి, అతికి, మూడు పెద్ద అడ్డకడ్డీల యాంటెన్నా ఒకటి చేసి వెదురు గెడకి కట్టి నిలబెట్టాడు. పారేసిన టీవీల భాగాలతో ఒక సెట్టు కూడా చేశాడు. అది మీట నొక్కితే పంపుతుంది కూడా. కానీ యాంటెన్నాకి తగిలించేవాడు కాదు. దాని బదులు ఒక బల్బు తగిలించి, మీట నొక్కి, బల్బు వెలుగుతుంటే చూసి మురిసిపోయేవాడు.

"బల్బు వెలిగించుకుంటే నేరం కాదండి పిన్నిగారూ. అది బయటికి పోదు," అనేవాడు.

"ఆ మాత్రం బల్బు మా ఇంట్లో స్విచ్చేస్తే వెలుగుద్ది కదరా," అనేదాన్ని.

అలా రెండేళ్ళు హోరు విన్నాడు, బల్బు వెలిగించాడు, రెండూ పుస్తకంలో రాశాడు.

రెండువేల ఒకటి, దసరా. వర్క్‌షాపుకి సెలవు. ఆయుధపూజ కదా, మా వీధిలో కుట్టుమిషను నుంచి ట్రాక్టరు దాకా అన్నీ కడిగి బొట్లు పెట్టారు. నేను నా ఇడ్లీ పాత్రకి పెట్టాను. పూజయ్యాక పనిముట్టుని ఒకసారి నడిపించాలి. ట్రాక్టరైతే నిమ్మకాయల మీదుగా కాస్త ముందుకి పోనివ్వాలి, మిషనైతే నాలుగు కుట్లు కుట్టాలి. అలా చెయ్యకుండా వదిలేస్తే పూజ చెయ్యనట్టే.

గంగరాజు తన సెట్టు దింపి, వైర్లన్నీ ఊడదీసి, తుడిచి, పసుపు రాశాడు. నాగదుర్గ సెట్టుకి, మీటకి, బల్బుకి కూడా కుంకం పెట్టింది. బల్బుని పళ్ళెంలో పూల మధ్య పెట్టేసింది. యాంటెన్నాకి నిమ్మకాయ కట్టి, హారతిచ్చి, "కానివ్వండి, ఒకసారి నడిపించండి, వంటాలస్యమవుద్ది" అంది. గంగరాజు వైర్లు తగిలించాడు. బల్బు వైరూ యాంటెన్నా వైరూ ఒకేలాంటివి. పళ్ళెంలో బల్బుందన్న సంగతి అతని బుర్రలో లేదు. చేతికొచ్చిన వైరు తగిలించి, పూజలో మంత్రం చదివినట్టు తన పిలుపు మూడుసార్లు మీట మీద కొట్టాడు.

బల్బు వెలగలేదు. ఎందుకు వెలగలేదా అని వంగి చూస్తున్నాడు.

అప్పుడు స్పీకర్లోంచి ఈల వినబడింది. కుయ్ కుయ్ కుయ్ కుయ్. అతని పిలుపే! ఎవరో తిరిగి పిలుస్తున్నారు. వెనకాల వాళ్ళ పిలుపు. దాని మొదటి అక్షరాలను బట్టి జపాను.

గోడ ఇవతల గారెల పిండి రుబ్బుకుంటూ నేనా ఈల విన్నాను. కాసేపటికి ఇంకో ఈల, ఇంకోటి, ఆపైన లెక్క తెలియలేదు. నాట్లప్పుడు వాన కురిసి వెలిశాక చేలల్లో కప్పలన్నీ ఒక్కసారి అందుకుంటాయే, అలాగ. ఆ ఈలల మధ్యలో గంగరాజు మీట చప్పుడు, టక టక టక. పది పన్నెండు నిమిషాలు. అంతలో ఒక్కసారి అన్నీ ఆగిపోయాయి. పెరటి తలుపు దబ్బున తెరుచుకుంది. గంగరాజు వచ్చి నా రోటి పక్కన మట్టిలో చతికిలబడ్డాడు. నుదుటి మీద బొట్టు చెమటకి కారి ముక్కు దాకా వచ్చింది.

"పిన్నిగారూ, అయిపోయిందండి. మా కొంప అయిపోయిందండి."

"ఏమైందిరా? కరెంటు కొట్టిందా?"

"జపానంతా వినేసిందండి. నేను మాట్లాడకూడని చోట మాట్లాడేశాను."

నాగదుర్గ చేతిలో హారతి పళ్ళెంతో వెనకే వచ్చింది. "జపానోళ్ళు వింటే మనకేంటి? ఆళ్ళు వచ్చి పట్టుకుంటారా?"

"ఒకళ్ళు పిలిచారు, జవాబు చెప్పాను. జవాబు చెప్పకపోతే బాగుండదు కదా, పండగపూట. ఈలోపు ఇంకోళ్ళు. వాళ్ళకీ చెప్పాను. పదకొండు మంది. తర్వాత ఊరు ఊరంతా నా పేరు పెట్టి పిలుస్తుంటే సెట్టు ఆపేశానండి," అన్నాడు.  కానీ మధ్యలో ఒక్కక్షణం, పదకొండు అన్నప్పుడు, మొహంలో ఏదో మెరిసి పోయింది. నేను చూశాను.

ఆ మధ్యాహ్నమే పుస్తకం తీసి పదకొండు వరసలూ రాశాడు. యాభై మెగాహెర్ట్జ్ అని ఉన్నదున్నట్టు. నాగదుర్గ పక్కన నిలబడి చూస్తూనే ఉంది. అప్పటికామెకి అదేమిటో తెలియదు.

నవంబరు నెల మధ్యలో వర్క్‌షాపులో కబురు పుట్టింది. ఎన్.ఎమ్.ఆర్. వాళ్ళ ఫైలు కదిలిందట. పద్నాలుగు మందిని పర్మనెంటు చేస్తారట. ఒక్కొక్కళ్ళ ఇంటికీ పోలీసు వెరిఫికేషన్ వస్తుంది. కేసులూ గొడవలూ లేవని స్టేషన్ నుంచి కాగితం వెళ్తే పనైపోయినట్టే. నాగదుర్గ ఆ సాయంత్రం వీధిలో అందరికీ పటికబెల్లం పంచింది. గంగరాజు పటికబెల్లం చేతిలో పట్టుకునే రాజమండ్రి బస్సెక్కాడు. తిరిగొచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

"ప్రసాద్ గారేమన్నారు?" అన్నాను.

"చేసింది తప్పే అన్నారండి. బెంగ పడకు, ఎవరూ పట్టించుకోరులే అన్నారు. తర్వాత ఆగి, కార్డులొస్తాయి చూసుకో అన్నారు."

"ఏం కార్డులు?"

హామ్ వాళ్ళలో ఒక మర్యాద ఉందట. గాలిలో ఎవరితోనైనా మాట్లాడితే, మాట్లాడినట్టు రుజువుగా, తమ పిలుపుతో అచ్చువేయించుకున్న కార్డొకటి పోస్టులో పంపుతారు. తేదీ, టైము, బ్యాండు, పిలుపు, అన్నీ దాని మీద రాస్తారు. అడ్రసు వాళ్ళ దగ్గరున్న పుస్తకంలో దొరుకుతుంది. రెండేళ్ళుగా గంగరాజు అలాంటి కార్డు ఒక్కటైనా రావాలని కలలు కన్నాడు. ఇప్పుడు అవే వస్తున్నాయి. తప్పు చేశాడని తేదీ, టైము వేసి, పదకొండు మంది సంతకాలతో.

మొదటిది నాలుగు రోజులకే వచ్చింది. పోస్టుమాన్ సూరిబాబు నా దగ్గర ఇడ్లీ తింటూ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. కవరు లేదు, ఒట్టి కార్డే. ఒకవైపు మంచుకొండ బొమ్మ, రెండోవైపు గళ్ళు, గళ్ళలో అంకెలు.

"ఏంటిది బుల్లెమ్మగారూ? గంగరాజుకి జపాన్లో ఎవరున్నారండి?"

"వాడికి పక్కనున్న కడియంలోనే ఎవరూ లేరు. ఇటియ్యి, నేనిస్తాను."

"ఈ అంకెలేంటండి? లెక్కల్లా లేవు. ఏదో కోడులాగుంది."

కోడు అన్న మాట చిన్నది కాదు ఆ రోజుల్లో. ఏజెన్సీ వైపు అన్నల గొడవలు జరుగుతున్నాయి. అడవిలో ఎక్కడో వైర్‌లెస్ సెట్టు దొరికిందని పేపర్లో పడితే ఇక్కడ రేడియో రిపేరు షాపుల వాళ్ళు కూడా నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు.

కార్డు చూశాక గంగరాజు ఆ పూట అన్నం ముట్టలేదు. రెండో కార్డు, మూడో కార్డు. ఒకదాని మీద పువ్వులు, ఒకదాని మీద ఎర్ర గొడుగు పట్టుకున్న పిల్లి. ఏ ఇంట్లోనైనా గోడకి అంటించుకునేవాళ్ళు. నాగదుర్గ వాటిని బియ్యం డబ్బాలో అడుగున దాచింది. గంగరాజు యాంటెన్నా దింపేశాడు. దింపితే వీధంతా ఎందుకు దింపావని అడిగారు, దానికి ఏం చెప్పాలో తెలియక మళ్ళీ ఎక్కించాడు.

ఆ తర్వాత ఇంకో తెలివితక్కువ పని చేశాడు. పోస్టుమాన్ వీధిలోకి రాకముందే కాలవ వంతెన దగ్గర కాపు కాయడం మొదలెట్టాడు. పని దగ్గర పర్మిషన్ అడిగి మరీ పదింటికి వచ్చి, వంతెన గోడ పక్కన నిలబడి, సూరిబాబు సైకిలు కనబడగానే చెయ్యి చాచేవాడు. "నాకేమైనా ఉన్నాయాండి" అని గుసగుసగా అడిగేవాడు. ఉత్తరాలకి గుసగుసలెందుకు? సూరిబాబుకి అప్పటిదాకా లేని అనుమానం అప్పుడు పట్టుకుంది. టీ కొట్టు దగ్గర హెడ్ కానిస్టేబుల్ అబ్బులు గారితో అననే అన్నాడు. ఆ సంగతి గంట తిరక్కుండా నా పొయ్యి దగ్గరికొచ్చింది. నేను గోడ మీంచి నాగదుర్గకి చెప్పాను.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో జరిగింది నేను మర్చిపోలేను. నాగదుర్గ నన్ను కూడా రమ్మంది, తోడుగా. బియ్యం డబ్బాలోంచి కార్డులన్నీ తీసి పొయ్యి ముందు వేసింది. పదకొండూ వచ్చేశాయి అప్పటికి. వాటి మీద ఆ పుస్తకం కూడా వేసింది.

"కాల్చెయ్యండి," అంది.

గంగరాజు పీట మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"పద్నాలుగేళ్ళండీ. వానొచ్చినా వరదొచ్చినా మానకుండా ఎల్లారు. రేపో మాపో అబ్బులు గారొస్తారు. ఇయ్యి దొరికితే కేసు రాస్తారు. కేసుంటే పర్మనెంటు ఎక్కడిది? నేను కడుపులో దాచుకోలేను, బియ్యంలో దాచలేను. మీ చేత్తో మీరు కాల్చండి."

"కార్డులు కాల్చేస్తానే," అన్నాడు గంగరాజు మెల్లగా. "పుస్తకం వద్దు."

"పుస్తకంలోనే కదా మీ చేతిరాత ఉన్నది!"

"కాల్చేశాక వాళ్ళు పుస్తకం ఏదని అడిగితే?"

"లేదనండి."

"ఉండాలి కదా. లేదంటే ఎందుకు లేదంటారు. కాల్చానంటే ఎందుకు కాల్చావంటారు. నాకు అబద్ధం చెప్పడం రాదే. మొహం చూస్తేనే తెలిసిపోద్ది. మా నాన్న నిజం చెప్తేనే మూడు రోజులు కూర్చోబెట్టారు. నేను అబద్ధం చెప్తే ఎన్ని రోజులు కూర్చోబెడతారు?"

నాగదుర్గ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గంగరాజు చెయ్యి చాచి పైనున్న కార్డొకటి తీశాడు. పొయ్యిలో పెడతాడనుకున్నాను. వెలుగు దగ్గర పెట్టుకుని చదివాడు. అడుగున సన్నటి అక్షరాల్లో చేత్తో రాసి ఉంది. ఎవరో డెబ్బై దాటిన ముసలాయనట. ముప్ఫై ఏళ్ళుగా ఈ బ్యాండు మీద వింటున్నాను, భారతదేశం వినబడడం ఇదే మొదలు, మీకు నా నమస్కారం అని రాశాడట.

"ఏం రాశాడు?" అన్నాను.

చదివి చెప్పాడు. నాగదుర్గ కూడా విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొయ్యి దానంతటదే ఆరిపోయింది. కార్డులు మళ్ళీ బియ్యంలోకి వెళ్ళాయి.

అబ్బులు గారు డిసెంబరు మొదటివారంలో వచ్చారు. వెరిఫికేషన్‌కి ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి. ఒకటి నాది. ఐదో తరగతి దాకా చదివాను, సంతకమే పెడతాను, వేలిముద్ర కాదు. కుర్చీ వేశాం, మజ్జిగిచ్చాం. గంగరాజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. 

"పేరు?"

"గంగరాజండి."

"తండ్రి?"

చెప్పాడు. అబ్బులు గారు రాసుకున్నారు. "ఎప్పుడైనా కేసులు, గొడవలు?"

"లేవండి," అంది నాగదుర్గ గబుక్కున.

"నిన్నడగలేదమ్మా. ఏవయ్యా?"

"ఆయ్... కేసు లేదండి."

"మరి జపాన్ నుంచి ఏవో వస్తున్నాయంట. మా సూరిబాబు సెప్పాడు. ఏంటి సంగతి? చుట్టాలా?"

నాగదుర్గ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. పెన్‌ఫ్రెండ్స్ అనమని నేను కళ్ళతోనే గంగరాజుకి సైగ చేశాను. మా పక్కింటి కాలేజీ పిల్లకి అలాంటివి వస్తాయి. ఆ ఒక్క మాట చాలు. అబ్బులు గారు మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు.

గంగరాజు లోపలికెళ్ళాడు. బియ్యం డబ్బా బోర్లించిన చప్పుడు వినబడింది. బియ్యం అంటుకున్న కార్డులూ, లైసెన్సు పటమూ, పుస్తకమూ తెచ్చి అబ్బులు గారి కాళ్ళ దగ్గర పెట్టాడు. మొదట్నించీ చెప్పుకొచ్చాడు. హోరు, బల్బు, ఆయుధపూజ, ఈలలు, పదకొండు వరసలు. ఒక్కటీ వదల్లేదు.

అబ్బులు గారు గ్లాసు కింద పెట్టేశారు. "ఇది నేరమా?"

"నేరమేనండి," అన్నాడు గంగరాజు.

నాగదుర్గ నెత్తి కొట్టుకుంది. "ఎవరైనా తన మెడకి తనే కట్టుకుంటారా బాబోయ్!"

"చూడవయ్యా," అన్నారు అబ్బులు గారు, ఆయనకీ ఇబ్బందిగానే ఉంది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పాక తెలియనట్టు రాయలేను. రేపు పొద్దున్న స్టేషనుకి రా. ఎస్.ఐ. గారితో మాట్లాడు."

 తెల్లారి గంగరాజు స్నానం చేసి, కార్డులూ పుస్తకమూ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. గట్టు వైపు తిరగబోతే నేనే కేకేశాను. "ఒరే, స్టేషను అటు కాదు."

"తెలుసండి. కాళ్ళకి అలవాటు," అన్నాడు. వెనక్కి తిరిగి పెద్దరోడ్డెక్కాడు. నాగదుర్గ, నేను వెనకాల. ముందురోజే ఫోన్లో కబురందుకున్న ప్రసాద్ గారు పొద్దున్న బస్సుకే వచ్చి స్టేషను బయట గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఎస్.ఐ. గారు మధ్యాహ్నానికి గానీ రాలేదు. అంతసేపూ గంగరాజు బల్ల మీద చివరంటా కూర్చున్నాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. మోకాళ్ళు కొట్టుకుంటుంటే బల్ల కిర్రుమనేది. ఒక కానిస్టేబులు విసుక్కున్నాడు. "కదలకుండా కూర్చోవయ్యా, బల్ల విరిగిపోద్ది."

చివరికి లోపలికి పిలిచారు. ఎస్.ఐ. గారు కుర్రాయన, మొహం గట్టిగా పెట్టుకుని కార్డులన్నీ వరసగా పేర్చి చూశారు. పిల్లి బొమ్మది చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశారు. ప్రసాద్ గారు రూల్సు విడమర్చి చెప్పారు. అంతా విని ఆయన గంగరాజు వైపు తిరిగారు.

"పూజలో వైరు మారింది. పొరపాటు. సరే, మొదటి పిలుపు దాకా నమ్ముతాను. మిగతా పదీ?"

 గంగరాజు పెదాలు తడుపుకున్నాడు.

"ఆశండి," అన్నాడు.

ఎస్.ఐ. గారు కార్డులన్నీ కలిపి పుస్తకం మీద పెట్టారు. "ఇది నేను తేల్చేది కాదు. ఆ లైసెన్సు ఇచ్చినవాళ్ళు తేల్చాలి. జరిగినదంతా నువ్వే రాసి ఢిల్లీ పంపు. నాకో కాపీ ఇవ్వు. వాళ్ళు కేసు అక్కర్లేదంటే నీ ఫారం మంచిగా పంపుతాను. అప్పటిదాకా అది నా టేబుల్లోనే ఉంటుంది."

"ఎన్నాళ్ళు పడుద్దండి?" అంది నాగదుర్గ.

"అది ఢిల్లీని అడగాలమ్మా."

స్టేషను బయటికొచ్చాక గంగరాజు మెట్ల మీద కూలబడ్డాడు. ప్రసాద్ గారు వీపు నిమిరారు. ఆ రోజే నా అరుగు మీద కూర్చుని ఉత్తరం రాశారు. ఆయన చెప్తుంటే గంగరాజు రాశాడు. పదకొండు పిలుపులూ వరసగా రాశాడు. చెయ్యి తగిలి సిరా రెండుచోట్ల అలుక్కుపోయింది. ప్రసాద్ గారు మళ్ళీ శుభ్రంగా రాయమన్నారు కూడా. వద్దండి, దిద్దినట్టుంటుందని అలాగే పంపాడు.

ఇక ఎదురుచూపు. జనవరి పోయింది. పోస్టుమాన్ కనబడితే ఇప్పుడు గంగరాజే ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. రాత్రిళ్ళు వీధిలో జీపు చప్పుడైతే గోడ అవతల మంచం కిర్రుమనేది. నాగదుర్గ అతనితో అవసరానికి తప్ప మాట్లాడేది కాదు. ఫిబ్రవరిలో వర్క్‌షాపు బోర్డు మీద లిస్టు అంటించారు. పదమూడు పేర్లు. గంగరాజు చదివి, ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కంచం ముందు కూర్చున్నాడు. నాగదుర్గ అడగలేదు. వడ్డించింది. అతను తిన్నాడు.

మార్చి ఇరవై దాటాక ఢిల్లీ నుంచి కవరొచ్చింది. సూరిబాబు దాన్ని అరుగు మీద పెట్టి, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. గంగరాజు నన్ను విప్పమన్నాడు. నాకు ఇంగ్లీషు రాదురా అంటే, "మీరు విప్పండి, నేను చదువుతాను" అన్నాడు. ఏడాదిపాటు లైసెన్సు ఆపారు. ఆ సెట్టు విడగొట్టాలి. మళ్ళీ ఇలా జరగకూడదు. తనంతట తానే రాశాడు కాబట్టి కేసు లేదు.

రెండుసార్లు చదివాడు. నేల మీద వెల్లకిలా పడుకుండిపోయాడు. పోయాడేమోనని నాగదుర్గ గుండె మీద చెయ్యి వేసి చూసింది.

"కొట్టుకుంటోందా?" అన్నాను.

"ఆ, కొట్టుకోవడమే? ఆ మీట కొట్టినట్టు కొట్టుకుంటుంది," అంది. అయిదు నెలల తర్వాత ఆ పిల్ల నోటంట మొదటి పరాచికం.

ఎస్.ఐ. గారు మాట తప్పలేదు. ఫారం వెళ్ళింది. కానీ లిస్టు ముగిసిపోయింది, తర్వాత లిస్టులో చూద్దామన్నారు ఆఫీసులో. ఆ తర్వాత లిస్టు రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. అతనితో పాటు చేరినవాళ్ళు పదమూడు మంది పర్మనెంటై వెళ్తుంటే గంగరాజు అదే సైకిలు మీద అదే మస్టరుకి వెళ్ళాడు. భయం పోయిందా అంటే పోలేదు. ఉరిమితే ఇప్పటికీ మంచం కిందకి చూస్తాడు. పెద్దరోడ్డు మీంచి బజారుకి మాత్రం వెళ్తున్నాడు, వడివడిగా, అటువైపు చూడకుండా.

రెండువేల నాలుగులో మళ్ళీ వెరిఫికేషన్ వచ్చింది. కొత్త కానిస్టేబులు, మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. గంగరాజు పనిలో ఉన్నాడు. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. ఆ కుర్రాడు ఫారం చూసుకుంటూ నాగదుర్గతో, "మీ ఆయన మీద కేసులు, గొడవలు ఏమైనా ఉన్నాయా అమ్మా" అన్నాడు. ఉన్నా లేకపోయినా లేవనే రాసేసుకునేలా ఉన్నాడు, పెన్ను అప్పటికే గడి మీద పెట్టాడు.

నాగదుర్గ స్టూలు లాక్కుని అతనికెదురుగా కూర్చుంది.

"కేసు లేదు బాబూ. కానీ ఒక సంగతుంది. మేం సెప్పకుండా తర్వాత ఇంకెవరో సెప్తే బాగోదు. పెద్ద కథ, మజ్జిగ తాగుతావా?"